అల్లుడికి ఎవరు చెప్తారు?

మొన్న వేసవిలో మా బంధువుల ఇంట్లో ఒక పంచాయితీ జరిగింది. పెళ్ళై ఏడాది తిరక్కుండానే అమ్మాయి పుట్టింటికి వచ్చేసింది, మళ్ళీ వెళ్ళనంటోంది. అబ్బాయి నాకు తమ్ముడి వరస. ఊరూ పేర్లూ వద్దు. రెండు వైపుల పెద్దలూ కూర్చున్నారు. కట్నం గొడవ లేదు, తాగుడు లేదు, అత్త ఆరళ్ళు లేవు, చెయ్యి చేసుకున్నదీ లేదు. "మరేంటమ్మా నీ బాధ?" అని ఎంతమంది అడిగినా ఆ పిల్ల తల వంచుకుని చున్నీ అంచు మెలిపెడుతూ కూర్చుందే తప్ప పెదవి విప్పలేదు. రెండు విడతల టీలు అయ్యాయి. ఆఖరికి వాళ్ళ పెద్దమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, మిక్సీ ఆన్ చేసి మరీ చెప్పింది. "అమ్మాయ్, ఇది మగాళ్ళ ముందు అనే మాట కాదు. అబ్బాయి నోరు వాసన. పక్కన పడుకోలేకపోతోందట."

"మరి ఆ సంగతి అబ్బాయికి చెప్పలేదా?" అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "అల్లుడికి ఎవరు చెప్తారే?"

ఆ సంసారం తర్వాత ఏమైందని అడగొద్దు, అది వాళ్ళ సొంత సంగతి. నన్ను వదలనిది ఆవిడ వేసిన ప్రశ్న. పెళ్ళిచూపుల నాడే ఆ ఇంట్లో ఇద్దరు ముగ్గురు పసిగట్టారట. ఆఫీసులో అందరికీ తెలుసు, వెనకాల ఒక పేరు కూడా పెట్టుకున్నారు. కన్నతల్లికి తెలుసు, "వాడికి మొదట్నుంచీ అంతే" అని సరిపెట్టుకుంది. తెలియనిది అతనొక్కడికే.

నోటి వాసన పోవాలంటే ఏం చెయ్యాలి అని అడిగితే పేస్టు, లవంగం, మౌత్‌వాష్ అని మొదలుపెడతాం. నాకు అనిపించేది వేరు. ఈ జబ్బుకు చికిత్స పక్కన ఉన్న మనిషి నోరు తెరిచి చెప్పడంతో మొదలవుతుంది. అది జరగనంత కాలం మిగతా సలహాలన్నీ ఎవరికి? వాసన ఉన్నవాడికి తనకు ఉందని తెలియదు కాబట్టి అవి చదవడు. చదివేవాళ్ళలో చాలామందికి వాసన ఉండదు, భయం ఉంటుంది. వాళ్ళ గురించి తర్వాత చెప్తాను, ఎందుకంటే నా వాదనకు పెద్ద చిక్కు వాళ్ళతోనే.

తన కంపు తనకు తెలియదు

ఒకే వాసన మధ్య కాసేపు ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. నోరు ఇరవై నాలుగ్గంటలూ ముక్కు కిందే ఉంటుంది కాబట్టి, దాని వాసనకు అలవాటు పడిపోవడంలో వింతేమీ లేదు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని హా అని ఊది చూసుకోవడం సినిమాల్లో బాగుంటుంది గానీ, దానితో తేలేది తక్కువ. మాట్లాడేటప్పుడు నాలుక వెనక భాగం కదిలి వచ్చే గాలి వేరు, అలా అరచేతిలోకి ఊదే గాలి వేరు.

అంతకంటే నయమైన పద్ధతులు ఉన్నాయి. మణికట్టు లోపలి వైపు నాలుకతో తడిపి, కొన్ని సెకన్లు ఆరనిచ్చి వాసన చూడటం ఒకటి. చెంచా బోర్లించి నాలుక మీద వీలైనంత వెనక నుంచి మెల్లగా గీరి, ఆ వచ్చినదాన్ని చూడటం ఇంకొకటి. ఫ్లాస్ దారం వెనక దంతాల సందుల్లోంచి లాగి ముక్కు దగ్గర పెట్టుకోవడం అన్నిటికంటే నిజం చెప్తుంది. దారం మీద రక్తం కూడా కనిపిస్తే విషయం చిగుళ్ళదని దాదాపు తెలిసిపోయినట్టే.

నాకు ఆశ్చర్యం కలిగించింది మాత్రం డాక్టర్ల పద్ధతి. నోట్లోంచి వచ్చే గంధకపు వాయువులను కొలిచే హాలీమీటర్ లాంటి యంత్రాలు వచ్చాయి. అయినా ఇవాళ్టికీ ప్రామాణికంగా చూసే పరీక్ష ఏమిటంటే, శిక్షణ పొందిన ఇంకొక మనిషి దగ్గరికి వచ్చి వాసన చూసి, సున్నా నుంచి ఐదు దాకా మార్కు వెయ్యడం. అంటే వైద్యం కూడా చివరికి పక్కవాడి ముక్కు మీదే ఆధారపడింది. పక్కవాడు ముక్కు మూసుకుని మర్యాదగా తల తిప్పుకుంటే ఇంక పరీక్ష ఎక్కడిది?

పాపం పొట్ట

అతనికి నేనే చెప్పాను. ఫోన్లో కాదు, ఎదురుగా, ఇద్దరమే ఉన్నప్పుడు. ముందు నవ్వాడు. తర్వాత ముఖం ఎర్రబడింది. తర్వాత, "గ్యాస్ ట్రబుల్ ఉందక్కా నాకు, దానివల్లే అయ్యుంటుంది. రోజూ పరగడుపున టాబ్లెట్ వేసుకుంటూనే ఉన్నా" అన్నాడు.

తలనొప్పి వచ్చినా, నడుం పట్టేసినా, గుండెల్లో గుబులుగా ఉన్నా మనం ముందు గ్యాస్ మీదే కేసు పెడతాం. నోటి వాసన విషయంలో మాత్రం పొట్ట చాలావరకు నిర్దోషి. తేన్పు వచ్చినప్పుడు తప్ప అన్నవాహిక మామూలుగా మూసుకునే ఉంటుంది, కడుపులోని గాలి అదేపనిగా పైకి రాదు. ఎసిడిటీ బాగా ముదిరినవాళ్ళలో కొంత ఉండొచ్చు. దాదాపు 80 నుంచి 90 శాతం కేసుల్లో వాసన పుట్టేది నోట్లోనే. గాలి తగలని చోట బతికే బ్యాక్టీరియా నాలుక వెనక భాగంలో, చిగురుకూ పంటికీ మధ్య సందుల్లో చేరి, అన్నం మెతుకుల్లోవీ రాలిన కణాల్లోవీ మాంసకృత్తుల్ని కుళ్ళబెడతాయి. అప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టాన్ లాంటి గంధకపు వాయువులు వస్తాయి. మొదటిది కుళ్ళిన కోడిగుడ్డు వాసన. కెనడాలో జోసెఫ్ టోంజెటిచ్ అనే శాస్త్రవేత్త 1960లు, 70ల్లో ఈ వాయువుల మీదే ఏళ్ళ తరబడి పనిచేశాడు. అంత పాత సంగతి అయినా, మందుల షాపుకు వెళ్ళి "నోరు వాసనొస్తోంది" అంటే ఇప్పటికీ చేతికి గ్యాస్ టాబ్లెట్టే వస్తుంది.

పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తోడు వెళ్ళాను. పళ్ళు చూస్తే ముందువైపు తెల్లగా మెరుస్తున్నాయి. రోజూ తోముకుంటాడు, అందులో అబద్ధం లేదు. ఆవిడ గీతలు గీసి ఉన్న సన్నటి పుల్లలాంటి పరికరాన్ని చిగురుకూ పంటికీ మధ్య మెల్లగా దించింది. మూడు మిల్లీమీటర్ల దాకా దిగితే మామూలే. వెనక దవడ పళ్ళ దగ్గర ఆరు దాకా దిగింది. నొప్పేమీ లేదన్నాడు, రక్తం మాత్రం చిమ్మింది. తర్వాత కింది ముందు పళ్ళ లోపలి వైపు అద్దం పెట్టి చూపించింది. లాలాజలం ఊరే చోటు అక్కడే కాబట్టి గార పట్టేదీ అక్కడే ఎక్కువట. పసుపూ గోధుమరంగూ కలిసి గోడ కట్టినట్టు ఉంది. ఒక పెచ్చు ఊడదీసి గాజుగుడ్డ మీద పెట్టి అతని ముక్కు దగ్గరికి తెచ్చింది. తల చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "ఇది నా నోట్లోదేనా?" అన్నాడు. ఆ గదిలో అతనికి మొదటిసారి తెలిసింది, ఆ పిల్ల ఎందుకు వెళ్ళిపోయిందో.

క్లీనింగ్ అనగానే వాళ్ళమ్మ అడ్డుపడింది. "పళ్ళు గీకిస్తే వదులైపోతాయి, మా మరిదికి అలాగే అయింది" అని. ఈ మాట వినని తెలుగిల్లు ఉండదేమో. నిజానికి జరిగేది తలకిందులు. చిగుళ్ళ జబ్బు వల్ల లోపలి ఎముక ముందే కరిగిపోయి ఉంటుంది, వాచిన చిగురూ పట్టిన గారా కలిసి సందుల్ని పూడ్చేసి పన్ను గట్టిగా ఉన్నట్టు భ్రమ కల్పిస్తాయి. గార తీసి వాపు తగ్గాక సందులు బయటపడతాయి, పన్ను కదులుతున్నట్టు తెలుస్తుంది. మరిదిగారి పళ్ళు పోయింది క్లీనింగ్ వల్ల కాదు, ఆలస్యం వల్ల. ఆ వాదనకు ఆవిడ ఒప్పుకోలేదు, నేనూ గెలవలేదు. కొడుకు మాత్రం చేయించుకున్నాడు. మామూలు క్లీనింగ్‌తో పోలేదు, చిగుళ్ళ లోతుల్లో కూడా విడతలుగా శుభ్రం చెయ్యాల్సి వచ్చింది. కొన్ని వారాలకు వాసన బాగా తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను. చిగుళ్ళ జబ్బు ఒకసారి వచ్చాక షుగరు, బీపీల్లాగే కాపు కాసుకుంటూ ఉండాలి.

ఖర్చు మాటకు వస్తే, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో కూడా విద్యార్థులకు పేషంట్లు కావాలి కాబట్టి చాలా తక్కువకు చేస్తారు. టైము పడుతుంది, అంతే.

పొద్దున్న ఉన్న పట్టింపు రాత్రి ఏది?

పాచినోటితో కాఫీ గ్లాసు ముట్టుకుంటే మా అమ్మమ్మ ఊరుకునేది కాదు. ఆవిడ వేపపుల్ల వాడే తీరు నాకింకా కళ్ళకు కట్టినట్టు ఉంది. ఒక చివర నమిలి కుచ్చులా చేసేది, దానితో ఒక్కో పన్నూ లోపలా బయటా తిప్పి తోమేది. తోమడం అయ్యాక పుల్లను నిలువునా రెండుగా చీల్చి, ఒక బద్దను విల్లులా వంచి నాలుక గీసుకునేది. బద్దను కడిగి పారేసి, గొంతు దాకా నీళ్ళు పోసి పుక్కిలించేది. పెరట్లో తాతయ్య అదే పని చేస్తూ ఖాండ్రిస్తుంటే ఆ చప్పుడుకు వీధి వీధంతా నిద్ర లేచేది. అంత హింస అక్కర్లేదు గానీ, ఆ మోటు పద్ధతి వెనక ఉన్న తెలివి సరైనదే. వాసన కాపురముండేది నాలుక మీద. ఒక విషయం మీద జరిగిన వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి చూసే కాక్రేన్ సమీక్ష ఒకటి 2006లో వచ్చింది. అది కూడా, గంధకపు వాయువులు తగ్గించడంలో బ్రష్ కంటే నాలుక బద్ద కాస్త మెరుగని తేల్చింది. ఆ ప్రభావం కొద్దిసేపే ఉంటుందని కూడా చెప్పింది. కాబట్టి రోజూ చెయ్యాలి, వెనక నుంచి ముందుకు, రక్తం వచ్చేలా కాకుండా.

అయితే ఆ మడీ పట్టింపూ పొద్దున్నే ఉండేవి. రాత్రి అన్నం తిని, ఒక కిళ్ళీ వేసుకుని, అలాగే నడుం వాల్చేవాళ్ళు. ఇప్పటికీ రాత్రి పళ్ళు తోముకోవడమంటే చాలా ఇళ్ళల్లో పట్నం షోకు కింద లెక్క. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. నోటిని కడిగే నీరు అదే. అది ఎండిపోయిన ఆరేడు గంటలూ, పళ్ళ సందుల్లో ఇరుక్కున్న పప్పూ కూరా ముందు పెట్టుకుని బ్యాక్టీరియాకు విందు. పొద్దున్న ఎవరి నోరైనా కాస్త వాసన వచ్చేది ఇందుకే, అది జబ్బు కాదు. తోముకుని కాఫీ తాగాక కూడా ఉంటే అప్పుడు ఆలోచించాలి. రెండింట్లో ఒక్కపూటే తోముకుంటానని ఎవరైనా మొండికేస్తే, రాత్రి తోముకోమని చెప్తాను. మా అమ్మమ్మ ఆత్మ క్షోభిస్తుందేమో.

"మా తాత జీవితంలో బ్రష్ ముట్టలేదు, ఎనభై ఏళ్ళకు కూడా చెరుకు నమిలాడు" అనేవాళ్ళు ప్రతి కుటుంబంలో ఉంటారు. ఉండొచ్చు. పళ్ళూడిన తాతల గురించి ఎవరూ పోస్టులు పెట్టరు. బొగ్గు, ఇసుక, కచ్చిక పెట్టి తోమి పంటి పైపొర అరగదీసుకున్నవాళ్ళూ ఆ తరమే. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట వెలిగించిన కొనను నోట్లోపల పెట్టుకుని అడ్డపొగ తాగిన ఆడవాళ్ళూ ఆ తరమే, అంగిట్లో క్యాన్సర్లు తెచ్చుకున్నదీ వాళ్ళే. పాత పద్ధతుల్లో నేను దాచుకునేవి నాలుక బద్ద, తిన్న ప్రతిసారీ నీళ్ళు పుక్కిలించడం. రెండోది మన కళ్ళ ముందే పోతోంది. ఆఫీసు క్యాంటీన్లో టిష్యూతో మూతి తుడుచుకుని మీటింగుకు పోతున్నాం.

ఎవరూ చెప్పకపోవడమే పెట్టుబడి

లిస్టరిన్ అనే మౌత్‌వాష్ 1879లో అమెరికాలో పుట్టినప్పుడు నోటికోసం పుట్టలేదు, శస్త్రచికిత్సల్లో వాడే క్రిమినాశినిగా పుట్టింది. దాన్ని నోటి వాసనకు విరుగుడుగా జనంలోకి తీసుకెళ్ళింది 1920ల నాటి ప్రకటనలు. పెళ్ళికాని అమ్మాయి, దూరం జరుగుతున్న స్నేహితులు, నీ ప్రాణస్నేహితులైనా ఈ మాట నీతో అనరు అనే హెచ్చరిక. ఎంత కిటుకు చూడండి. నీకు వాసన ఉందని ఎవరూ చెప్పరు కాబట్టి ఉన్నట్టే అనుకుని కొనుక్కో అంటుంది ఆ ప్రకటన. ఉన్నవాడూ కొంటాడు, లేనివాడూ కొంటాడు. స్నేహితుడు ఒక్క మాట అనేసి ఉంటే అమ్మకం సగం పడిపోయేది.

మౌత్‌వాష్‌లు ఉత్త మోసమని నేననను. క్లోర్‌హెక్సిడిన్ ఉన్నవి బ్యాక్టీరియాను నిజంగా చంపుతాయి. కానీ వారాల తరబడి వాడితే పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడతాయి, నాలుకకు రుచి తెలియదు. అది డాక్టరు చెప్పినన్ని రోజులు వాడే మందే తప్ప బాత్‌రూం అలమరలో ఏడాది పొడుగునా ఉండాల్సినది కాదు. పేస్టుతో తోమిన వెంటనే వాడితే దాని బలం తగ్గుతుంది, కాసేపు ఆగాలి. ఆల్కహాలు ఎక్కువ ఉన్నవి కొందరికి నోరు మరింత ఎండిపోయేలా చేస్తాయి. జింక్ ఉన్నవి గంధకపు వాయువుల్ని పట్టేస్తాయి. నువ్వులనూనె పుక్కిలించడం మీద చిన్న చిన్న పరిశోధనల్లో కొంత ఫలితం కనిపించింది, ఓపిక ఉంటే చేసుకోవచ్చు, బ్రష్‌కు బదులుగా మాత్రం కాదు. హోటల్లో బిల్లుతో పాటు ఇచ్చే రంగురంగుల చక్కెర సోంపు మాత్రం నాకు నవ్వు తెప్పిస్తుంది. ఉత్త సోంపో, యాలక్కాయో వేరు. చక్కెర పూత అంటే పుచ్చిపళ్ళకు మనమే చేసే సంతర్పణ.

వెల్లుల్లి లెక్క పూర్తిగా వేరు కాబట్టి ఒక మాట. ఆవకాయలో వెల్లుల్లి రెబ్బ నమిలాక ఎంత తోముకున్నా వాసన పోదు, ఎందుకంటే అది అప్పుడు నోట్లోంచి రావడం లేదు. అల్లైల్ మిథైల్ సల్ఫైడ్ అనే పదార్థం రక్తంలో కలిసి, గంటల తరబడి ఊపిరితిత్తుల్లోంచి బయటికి వస్తూ ఉంటుంది. పాలు, పచ్చి ఆపిల్, పుదీనా లాంటివి దాన్ని కొంత తగ్గిస్తాయని అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీవాళ్ళు చూపించారు. పెరుగు కూడా పనిచేస్తుందన్నారు, ఆ ప్రయోగం గాజుసీసాల్లోనే చేశారు. ఆవకాయ అన్నం తర్వాత పెరుగన్నం తినే మన పద్ధతికి ఇదొక సర్టిఫికెట్ అని నేను గంతులెయ్యను గానీ, మానెయ్యను కూడా.

చెప్పకూడదేమో అనిపించిన చోట్లు

ఇప్పుడు ఇందాక దాటేసిన చిక్కు. మా పాత ఆఫీసులో ఒక అమ్మాయి ఉండేది. ఎప్పుడు మాట్లాడినా చెయ్యి నోటికి అడ్డం. లిఫ్టులో గోడవైపు తిరిగి నిలబడేది. ఎవరైనా ముక్కు గోక్కున్నా, కిటికీ తెరిచినా, తనవల్లే అనుకునేది. బ్యాగులో ఎప్పుడూ రెండు మూడు రకాల స్ప్రేలు. ఆమె దగ్గర నాకు ఏనాడూ ఏ వాసనా రాలేదు. ఇంటరులో ఉన్నప్పుడు క్లాసులో ఒకడు అందరి ముందూ "ఛీ, కంపు" అన్నాడట. అది నిజమో వెక్కిరింతో తెలియదు, ఆ ఒక్క మాట ఆమె లోపల పాతుకుపోయింది. డాక్టర్లు లేదన్నా నమ్మదు. వాసన లేకపోయినా ఉందని నమ్మి జీవితాన్ని దాని చుట్టూ కట్టేసుకోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితా పదకొండో కూర్పులో విడిగా చేర్చింది, అనుమానం తీరక చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేసే ఓసీడీ కుటుంబంలో. దానికి పళ్ళ డాక్టరు చాలడు, మానసిక వైద్యం కావాలి.

అంటే, చెప్పడం కూడా గాయం చెయ్యగలదు. ఇది తోసిపుచ్చేంత చిన్న అభ్యంతరం కాదు. కానీ ఆ అమ్మాయి కథ మళ్ళీ చూస్తే, ఆమెను దెబ్బ తీసింది పదిమందిలో విసిరిన వెక్కిరింత. అంతకంటే, ఆ తర్వాత నిజమేదో నెమ్మదిగా చెప్పే మనిషి ఒక్కరూ లేకపోవడం. ఎవరూ ఏదీ చెప్పని లోకంలో "నీ దగ్గర వాసన లేదు" అనే మాటకు కూడా విలువ ఉండదు. ఉన్నప్పుడు ఉందని అనే నోటి నుంచి వస్తేనే లేదన్నది నమ్మబుద్ధి అవుతుంది. నా సమాధానం ఇదే గానీ, ఆ అమ్మాయి విషయంలో ఇది పనిచేసి ఉండేదా అంటే ధైర్యంగా అవునని అనలేను.

రెండో అభ్యంతరం నన్ను ఇంకా ఇబ్బంది పెడుతుంది. మన దగ్గర వాసన మాట ఎవరు ఎవరిని అంటారు? పనిమనిషిని అంటారు, డెలివరీ కుర్రాణ్ణి అంటారు. మా అపార్ట్‌మెంట్ మీటింగులో పనివాళ్ళకు వేరే లిఫ్టు కావాలన్నవాళ్ళు చెప్పిన కారణం కూడా వాసనే. తరాల తరబడి మనుషుల్ని వాకిట్లోనే నిలబెట్టడానికి అక్కరకొచ్చిన మాట ఇది. అలాంటి సమాజంలో "వాసన వస్తే మొహమాటపడకుండా చెప్పండి" అని నేను రాస్తే, ఆ స్వేచ్ఛ ముందుగా వాడుకునేది ఎవరో నాకు తెలుసు. కిందివాళ్ళను అనడానికి మనకెప్పుడూ మొహమాటం లేదు. మొహమాటమంతా అల్లుడి దగ్గర, మేనేజరు దగ్గర, మామగారి దగ్గర, పూజారిగారి దగ్గర. అందుకే నేనడిగే చెప్పడం వేరు. చెప్పాక డాక్టరు దాకా తోడు వెళ్ళగలిగిన చనువో, బాధ్యతో ఉన్నవాళ్ళు చెప్పాలి. అది లేనప్పుడు నోరు మూసుకోవడమే మర్యాద.

ఉపవాసాల వాసన గురించి కూడా అడుగుతారు. కార్తీక సోమవారం పొద్దుగూకే దాకా ఏమీ తినకపోతే లాలాజలం తగ్గుతుంది, ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు వస్తాయి, ఊపిరి మారుతుంది. రంజాన్ ఉపవాసం, అంటే రోజా, ఉన్నవాళ్ళ నోటి వాసన దేవుడికి కస్తూరి కంటే ప్రియమని హదీసు, అంటే ప్రవక్త మాట, ఉంది. ఆ వాసనను జబ్బులా చూడనక్కర్లేదు, ఎవరికీ చెప్పనూ అక్కర్లేదు.

నోరు కాని చోట్ల నుంచి

మిగిలిన పదీ ఇరవై శాతంలో కొన్ని చెప్పి తీరాల్సినవి ఉన్నాయి. గొంతులో టాన్సిల్స్ గుంటల్లో తెల్లటి గింజలు గట్టిపడి, దగ్గినప్పుడు ఊడి పడతాయి, నలిపితే భరించలేని కంపు. సైనస్ ముదిరి గొంతులోకి చీమిడి జారేవాళ్ళకూ వాసన ఉంటుంది. చిన్నపిల్లల దగ్గర ఉన్నట్టుండి దుర్వాసన వస్తూ, ఒక్క ముక్కులోంచే చీము కారుతుంటే, ఆ ముక్కులో ఏ శనగగింజో పలకబలపం ముక్కో ఉందేమో చూపించాలి. షుగరున్న మనిషి ఊపిరి పండిన పండ్ల వాసన వేస్తూ, వాంతులూ ఆయాసమూ ఉంటే అది ఆస్పత్రికి పరుగెత్తాల్సిన సంగతి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళ ఊపిరిలో అమ్మోనియా ఘాటు ఉంటుంది. అలర్జీకి, నిద్రకు, డిప్రెషన్‌కు వాడే మాత్రలు చాలావాటికి నోరు ఎండబెట్టే గుణం ఉంది. పెద్దవాళ్ళలో వచ్చే వాసనకు ఇది ఎంత మామూలు కారణమో, ఇంట్లోవాళ్ళకు అంత తట్టని కారణం. మాత్ర మానెయ్యడం కాదు, డాక్టరుతో మాట్లాడటం, గుక్కగుక్కగా నీళ్ళు తాగుతూ ఉండటం.

మరి ఎలా చెప్పాలి

సూచనగా చెప్తే అర్థం కాదు. ఇది మొదటే తెలుసుకోవాలి. నాకు తెలిసిన ఒకాయన, తన పైఅధికారికి అర్థమవుతుందని ప్రతిరోజూ మీటింగుకు ముందు ఒక మింట్ బిళ్ళ ఇచ్చేవాడు. నెలలు గడిచినా ఆయనకు అర్థమైంది ఒకటే, ఈ కుర్రాడికి తనంటే ఎంతో అభిమానమని. అప్రైజల్లో మంచి రేటింగ్ కూడా ఇచ్చాడు. వాసన అలాగే ఉంది.

ఒంటరిగా ఉన్నప్పుడు, ఒక్కసారే, తర్వాత ఏం చెయ్యాలో కూడా కలిపి చెప్పాలి. "నీ నోరు కంపు" అన్నది తీర్పు. "ఈమధ్య నీ నోటి నుంచి వాసన వస్తోంది, తోముకునేటప్పుడు రక్తం ఏమైనా వస్తోందా? చిగుళ్ళు ఒకసారి చూపిద్దాం, నేనూ వస్తా" అంటే అందులో ఒక దారి ఉంది. కోపం వస్తుంది, రానివ్వాలి. భార్యాభర్తలు మాత్రం ఈ మాట నవ్వులాటలో పెట్టి మొదటి నెలల్లోనే అనేసుకోగలిగితే అదృష్టం. అది కుదరని పెళ్ళిళ్ళే ఎక్కువ. పెద్దలు కుదిర్చిన సంబంధాల్లో, అంతవరకు ముక్కూమొహం తెలియని మనిషికి కొత్తపెళ్ళికూతురు ఈ మాట చెప్పగలగాలని కోరడం అన్యాయమే. అందుకే ఆ బాధ్యత తల్లిది, అక్కచెల్లెళ్ళది, స్నేహితులది, పెళ్ళికి ముందే. జాతకాలు, జీతాల స్లిప్పులు చూసుకుంటాం. కొడుకును ఒకసారి పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టడం అంతకంటే చవక.

మా అత్తగారికి పళ్ళ సెట్టు ఉంది. రాత్రిళ్ళు తీసేవారు కాదు, తీస్తే బోసినోటితో ఎవరైనా చూస్తారని సిగ్గు. ఆవిడకు చెప్పేముందు నేను చాలానే టెన్షన్ పడ్డాను. "అత్తయ్యా, సెట్టు రాత్రి తీసి నీళ్ళల్లో వెయ్యాలట, లేకపోతే లోపల పుండ్లు పడతాయి, వాసన కూడా వస్తుంది, ఇప్పుడు కొంచెం వస్తోంది" అన్నాను. "కోడలివి, నన్ను ఇంత మాట అంటావా" అని కొన్నాళ్ళు ముభావంగా ఉన్నారు. తర్వాత ఒక రాత్రి గ్లాసు అడిగి తీసుకున్నారు. సెట్టు కడగడానికి విడిగా ఒక మెత్తటి బ్రష్ తెమ్మన్నారు, నానబెట్టే మాత్రలు మనవడి చేత ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారు. ఇప్పుడు సాయంత్రం గుళ్ళో తన ఈడు వాళ్ళందరినీ ఆవిడే నిలేస్తున్నారు, "నువ్వు సెట్టు రాత్రి తీస్తున్నావా లేదా? తియ్యకపోతే నా పక్కన కూర్చోకు" అని. నేను పైన రాసిన మర్యాదలేవీ ఆవిడ పాటించడం లేదు. ఒకరిద్దరు అలిగి వేరే అరుగు మీదికి మారారట కూడా. మిగతావాళ్ళు మాత్రం ఆ మాత్రల పేరు రాయించుకుని వెళ్ళారు.